చల్లారేటప్పటి లాగుడు

జరుగు చిన్నోడా, ఆ పత్తికట్టె ఇంకొంచెం లోపలికి ఎగదొయ్యి. పత్తికట్టె భగ్గుమని మండి బూడిదయితది. దాని అడుగున ఆ తుమ్మ మొద్దు పెట్టినవంటె తెల్లారిందాక నిలుస్తది. అమ్మలూ, నువ్వు దుప్పటి అంచు మంటకు దూరంగ పెట్టుకో. సంక్రాంతి దగ్గరపడ్డదంటె బోనకల్ల చలి ఇట్లనే ఉంటది. కాలువ కట్ట మీదినుంచి వచ్చే గాలి ఎముకల్ల దూరుతది.

పొద్దున నువ్వు మిర్చికి మందు కొట్టే ట్యాంకుకు మరలున్న సాకెట్టు అతికిచ్చినవు గదా, నేను చూసిన. అతుకు బాగున్నది. పూస వెంట పూస వరసగ పడ్డది, ఎక్కడా తెగలేదు, ఎక్కడా బెజ్జం పడలేదు. నీ వయసుల నాకు అంత చెయ్యి తిరగలేదు. కానీ సాకెట్టు చుట్టూ రేకు డొప్ప పడ్డది. బొటనవేలితోటి ఒత్తితె టక్కున లోపలికి పోతది, వదిలితె టక్కున బయటికొస్తది. అది చూసుకొని నువ్వు మధ్యాన్నం అన్నం కూడ సరిగ తినలేదని మీ నాయనమ్మ చెప్పింది. బాధపడకు. ఇనుము గుణమేందో నిన్ను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇయ్యాల నేను చెప్తా.

వెల్డింగు సంగతి చెప్పాలంటె బండి చక్రం కాడినుంచి మొదలుపెట్టాలె.

మా నాయన కొలిమి ఊరికి తూర్పున చింతచెట్టు కింద ఉండేది. ఎండాకాలంల దుక్కులు మొదలుగాకముందు బండ్లన్నీ మా ఇంటి ముందుకే వచ్చేవి. వడ్లాయన చక్రం చేసి ఇస్తె దానికి ఇనుప పట్టా ఎక్కించేది మా నాయన. నడుమ కుండ, కుండకు ఆకులు, ఆకుల చివర పూటీలు, అన్నీ కట్టెవే. ఎంత బాగ చెక్కినా ఎండకు ఎండి లొడలొడలాడుతయి. వాటన్నిటినీ ఒక్కటిగ పట్టి ఉంచేది ఆ పట్టానే.

మా నాయన చక్రం చుట్టూ దారం తిప్పి కొలిచేవాడు. అదే దారంతోటి పట్టా లోపలి చుట్టును కొలిచి, చక్రం కంటె పట్టాను బొటనవేలి వెడల్పంత కురచ చేసేవాడు. చూసేటోళ్ళకు ఆశ్చర్యంగ ఉండేది. కురచగున్నది పెద్ద చక్రానికి ఎట్ల ఎక్కుతదని చిన్నప్పుడు నేనూ అడిగిన. ‘నిప్పును అడుగు, అది చెప్తది’ అనేవాడు నాయన. పట్టాను నేల మీద పండబెట్టి, చుట్టూతా పిడకలు పేర్చి అంటుపెట్టేది. అది ఎర్రబడంగనే నలుగురం పట్టకార్లతోటి లేపి చక్రం మీద వేసేటోళ్ళం. కట్టె అంటుకొని పొగ లేచేది. అప్పుడు నలుదిక్కులా కుండలతోటి నీళ్ళు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్ల ఉన్నది. సుయ్యిమని ఆవిరి లేస్తుంటె, ఆ ఆవిరి లోపల కట్టె కిర్రుకిర్రుమని మూలిగేది. ఆకులు కుండలోకి, పూటీలు ఆకుల మీదికి బిగుసుకునేవి. చల్లారినంక చక్రం గంట లెక్క మోగేది.

తర్వాత నాకు లెక్క తెలిసింది. మీటరు పొడుగు ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితె మిల్లీమీటరు, దాని మీద ఇంకో ఐదోవంతు పెరుగుతది. ఐదడుగుల ఎత్తు చక్రానికి పట్టా చుట్టుకొలత 4.8 మీటర్లు వస్తది. 500 డిగ్రీలు వేడి చేస్తె అంగుళం పైనే పెరగాలె. మా నాయనకు డిగ్రీలు తెల్వవు, మిల్లీమీటర్లు తెల్వవు. ఆయన బొటనవేలు, ఆ పట్టా ఎరుపు రంగు, ఇవే ఆయన కొలతలు. అవి ఏనాడూ తప్పలేదు.

నీకు పట్టుబడాల్సింది ఇదే చిన్నోడా. పని చేసేది వేడి కాదు. పనయినా పాడయినా చల్లారేటప్పుడే అయితది.

మా మేనమామ కాజీపేట రైల్వే షెడ్డుల కలాసి. నిజాం కాలంల బెజవాడ దాక రైలు పట్టాలేసింది 1889ల. మన బోనకల్ స్టేషను ఆ దారి మీదనే ఉన్నది. ఆవిరి ఇంజన్ల వెనక నీళ్ళ ట్యాంకు ఉంటది. పాత ఇంజన్లకు ఆ ట్యాంకు రేకులను అతికింది వెల్డింగుతోటి కాదు, రివిట్లతోటి. రివిట్టును ఎర్రగ కాల్చి బెజ్జంల దూర్చి, ఒకడు వెనకనుంచి బరువు ఆనిచ్చి పట్టుకుంటె ఇంకొకడు ముందునుంచి తల కొట్టేది. ఆ రివిట్టు చల్లారి కురచయితది, కురచయి రెండు రేకులనూ దగ్గరికి గుంజి పట్టుకుంటది. మా మామ అది చెప్పినప్పుడు మా నాయన నవ్వి, ‘మన పట్టానే గదా, చిన్న ఆకారంల’ అన్నడు. ఇద్దరూ ఒకే లాగుడును పనికి వాడుకున్నరు. మనం వెల్డింగు చేసేటోళ్ళకు మాత్రం ఆ లాగుడే శత్రువయి కూర్చున్నది.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన్రు. తర్వాతి ఏండ్లల్ల ఎడమకాలువ నీళ్ళు మన దిక్కు పారినయి. నీళ్ళు రాంగనే ఊరి పనే మారిపోయింది. ఆయిలింజన్లు వచ్చినయి, ట్రాక్టర్లు వచ్చినయి, ఎడ్లబండ్లు తగ్గినయి. కొలిమి కాడికి వచ్చేటోళ్ళు పట్టా కోసం కాకుండ డీజిల్ ట్యాంకు కారుతున్నదని రావడం మొదలుపెట్టిన్రు. మా నాయనకు మాటు పెట్టడం వచ్చు, గానీ వెల్డింగు రాదు. నాకు 16 ఏండ్లప్పుడు ప్యాసింజరు ఎక్కించి బెజవాడ ఆటోనగర్ల ఒక మేస్త్రి కాడ వదిలిపెట్టిండు. పోయేటప్పుడు ఒక్క మాట చెప్పిండు: ‘సుత్తి దెబ్బ తప్పితె మళ్ళ కొట్టుకోవచ్చు, నిప్పు దెబ్బ తప్పితె రేకు పోతది, చూసుకో.’

ఆ మేస్త్రి కాడ ఆరు నెలలు హోల్డరు ముట్టలేదు. కార్బైడు డబ్బా కడిగేది, సున్నపు బురద పారబోసేది, రేకులకు తుప్పు గీకేది. కార్బైడు రాళ్ళ మీద నీళ్ళు పడితె వచ్చే గ్యాసు వెల్లుల్లి కుళ్ళిన వాసనొస్తది. రాత్రి పడుకున్నా ఆ వాసన చేతుల్ల ఉండేది. ఒకసారి తెల్లపూత ఉన్న జీఐ సాకెట్టును అరగదియ్యకుండ అతికిస్తుంటె ఆ తెల్లపొగంత పీల్చిన. ఆ రాత్రి చలి పుట్టి జ్వరం వచ్చింది, ఒళ్ళంత నలిగినట్టయింది. మలేరియా అనుకున్నరు. మేస్త్రి చూసి, అది జింకు పొగ జ్వరమని చెప్పి, తెల్లారి ఆకురాయి చేతికిచ్చి ముందు పూతంత అరగదియ్యమన్నడు. నువ్వు కూడ అట్లనే చెయ్యాలె. గాలికి ఎదురు కూర్చోవద్దు, పొగ నీ మొహం మీదికి రావద్దు.

నేను పాడుచేసిన మొదటి ట్యాంకు ఒక ఆయిలింజను ట్యాంకు. 20 గేజి రేకు, అంటె మిల్లీమీటరు కూడ నిండా లేదు. దానికి అంగుళం సాకెట్టు పెట్టాలె. మేస్త్రి లేని పూట, ఆయన వచ్చేసరికి చేసి చూపెడదామని ఆశ పుట్టింది. బెజ్జం వదులుగ కోసిన. సాకెట్టు నిలబెట్టి, ఒక్కచోట టాకేసి, అక్కడినుంచి మొదలుపెట్టి ఆపకుండ చుట్టూ తిప్పిన. అతుకు పడ్డంతసేపు రేకు కదలలేదు. బాగొచ్చింది అనుకున్న. మాస్కు తీసి బీడీ అంటించుకునేలోపు టింగ్ టింగ్ అని చప్పుడు మొదలయింది. చూస్తుండంగనే రేకు సాకెట్టు వైపు ఒరిగి, చుట్టూ అలలు పడి, డొప్ప పడ్డది. సాకెట్టు పక్కకు వాలింది. దాని మరలు కూడ గుడ్డు ఆకారమయి నల్లా ఎక్కలేదు.

మేస్త్రి వచ్చిండు, చూసిండు. తిట్టలేదు. నన్ను ఆ ట్యాంకు ముందు కూర్చోబెట్టి ఇంకో పాత రేకు తెచ్చి, గ్యాసు పట్టి రూపాయంత జాగ ఎర్రగ చేసిండు. ‘ఇప్పుడు చూడు’ అన్నడు. ఎర్రగున్నంతసేపు అక్కడ చిన్న ఉబ్బు. చల్లారినకొద్దీ ఆ ఉబ్బు పోయి, చుట్టూ రేకు మెల్లగ ముడతలు పడింది. అప్పుడు విడమరిచి చెప్పిండు. ఎర్రబడ్డ జాగ పెరగాలని చూస్తది. చుట్టూ ఉన్న చల్ల రేకు జరగదు, దానికి జాగ ఇయ్యదు. మెత్తబడ్డ ఇనుము పక్కలకు పోలేక తన మీద తనే దళసరి అయితది. చల్లారేటప్పుడు మాత్రం దాన్ని ఎవరూ ఆపరు. ఉన్న కొలత కంటె కురచయితది. కురచయి చుట్టూ ఉన్న రేకును తన వైపు గుంజుకుంటది. సాకెట్టు చుట్టూ వేసే అతుకు గుండ్రంగ ఉంటది గదా, అది సంచి మూతి తాడు గుంజినట్టే. తాడు గుంజితె గుడ్డ ఏమయితది? కుచ్చులు పడుతది. రేకు కూడ అంతే.

ఆ తాడును ఎంత పలచగ చెయ్యగలమో, ఎంత మెల్లగ గుంజనియ్యగలమో, గుంజినా రేకు వంగకుండ ఎంత గట్టి చెయ్యగలమో, వెల్డింగుకు ముందు చూసుకునేదంత అదేరా.

బెజ్జం సంగతి ముందు విను, ఎందుకంటె సగం రేకులు పాడయ్యేది అక్కడనే. బెజ్జం వదులుగ కోస్తె ఆ సందు నింపడానికి రాడ్డు ఎక్కువ కరగాలె. కరిగినదంతా చల్లారి కురచయ్యేదే. సాకెట్టు చేత్తోటి ఒత్తితె ఎక్కాలె, వదిలితె పడొద్దు, అట్ల కొయ్యాలె. అతుకు లావు కూడ అంతే. 3 మిల్లీమీటర్ల అతుకు చాలిన కాడ 6 మిల్లీమీటర్లు పెడితె రెండింతలు గట్టి అయితదని అందరూ అనుకుంటరు. పడే లోహం మాత్రం నాలుగింతలు. లాగుడు కూడ దాని తోటే పెరుగుతది. పలచటి రేకు మీద లావు అతుకు పెట్టినోడు బలం కోసం పెట్టినట్టు కాదు, భయం తోటి పెట్టినట్టు.

ఆ మేస్త్రి కాడ నేను చూసిన పనుల్ల అన్నిటికంటె అందమైంది ఇది. సాకెట్టు పెట్టే బెజ్జాన్ని కావాల్సిన దానికంటె చిన్నగ కోసేవాడు. లారీ బేరింగు పాత రింగు ఒకటి రేకు కింద పెట్టి, మీదినుంచి లేతులో తిప్పించిన ఇనుప శంకు ఒకటి పెట్టి, నడుమనుంచి లావు బోల్టు వేసి నట్టు బిగించుకుంట పోయేవాడు. మెల్లమెల్లగ శంకు కిందికి దిగేకొద్దీ బెజ్జం అంచు వంగి గొట్టం మూతి లెక్క నిలబడేది, ఇంతంత, ఐదు మిల్లీమీటర్లు. దానికి ఇప్పుడు సాకెట్టు తొడిగితె అతుకు పడేది ఆ నిలబడ్డ అంచు కొసన. చదరంగున్న రేకు మీద కాదు. వేడి అక్కడ ఆగుతది, లాగుడు అక్కడ ఆగుతది. ఆ వంగిన అంచే గిన్నెకు అంచు లెక్క రేకును బిగబట్టుకుంటది. మీ నాయనమ్మ సత్తు పళ్ళెం చూడు, అంచు మడిచి లేకపోతె ఆ పళ్ళెం చేతుల్ల వంగిపోతది గదా.

రేకు ఉబ్బు సంగతి కూడ చెప్పిండు. చదరం రేకు లోపలికి పోవాలో బయటికి పోవాలో తెల్వక ఊగుతది, అందుకే డబ్బా మూత లెక్క టకటకలాడుతది. అతికించేముందు ఇసుక సంచి మీద పెట్టి కట్టె సుత్తితోటి బయటి వైపు ఇంత మలిచి ఉంచితె, లాగుడు వచ్చినప్పుడు ఆ మలుపు సద్దుకుంటది. ట్యాంకుకు గుమ్మటం లెక్క కొంచెం బొజ్జ ఉంటె అది ఊగదు. వీలున్న కాడ సాకెట్టును రేకు నడుమ పెట్టకు, మూలకు దగ్గరగ, మడత దగ్గరగ పెట్టు. మడత ఉన్న కాడ రేకు గట్టిగ ఉంటది. ట్యాంకు మూసేముందే సాకెట్లన్నీ అతికియ్యి, అప్పుడు లోపలినుంచి సుత్తి ఆనడానికి దారి ఉంటది. ఇది తెల్వక ఎంతమంది ట్యాంకు మొత్తం కట్టినంక బెజ్జం కోస్తరో!

ఇంక టాకాలు. నాలుగు టాకాలు ఎదురెదురుగ వెయ్యాలె. తూర్పునొకటి, పడమరనొకటి, ఉత్తరానొకటి, దక్షిణానొకటి. ప్రతి టాకా తర్వాత మూలమట్టం పెట్టి సాకెట్టు నిలువు చూడాలె. వాలితె ఇప్పుడే సరిచెయ్యాలె, తర్వాత సరికాదు. తర్వాత అతుకు అంగుళం కంటె ఎక్కువ ఒకేసారి వెయ్యొద్దు. ఇక్కడ అంగుళం, అవతలి పక్క అంగుళం. నడుమ చెయ్యి ఆపాలె. ఎంతసేపు అంటవా? మేస్త్రి నాకు గడియారం చూపెట్టలేదు. తడిచేతి వేలు పక్కన రేకు మీద పెట్టమనేవాడు. వేలు నిలిస్తె మొదలుపెట్టు, నిలవకపోతె కూర్చో. చుట్టూతా తడి గోనె పట్ట వేసి ఉంచేది. ఒక్కటి యాదికి పెట్టుకో, ఎర్రటి అతుకు మీద నీళ్ళు పొయ్యొద్దు, చుట్టూ పారిపోతున్న వేడిని మాత్రమే ఆ తడి గోనె పట్టుకోవాలె. వెనకవైపు రాగి పలక ఆనిచ్చి పట్టినా అదే పని చేస్తది.

నిప్పు ఎటు చూపెట్టాలో నువ్వు పొద్దున తప్పినవు. సాకెట్టు దళసరి, రేకు పలచన. రెండిటి నడుమ నిప్పు పెడితె రేకు ముందు కరిగిపోతది. నిప్పు దళసరి మీద పెట్టు, కరిగిన లోహం అంచు మాత్రం రేకును వచ్చి ముట్టాలె. సాకెట్టులోపల ఇత్తడి ప్లగ్గు చేత్తోటి బిగించి పెట్టు. ఇత్తడి వేడిని గుంజుకుంటది, మరలు గుడ్డు ఆకారం కావు, నిప్పురవ్వలు మరల మీద అంటుకోవు. అంతా చల్లారినంకనే తియ్యాలె. మేస్త్రి నాకిచ్చిన ఇత్తడి ప్లగ్గు అంగుళందే. ఆటోనగర్నుంచి తిరిగొచ్చేటప్పుడు నాకు ఇచ్చిన కూలి కంటె అదే ఎక్కువనిపించింది.

బోనకల్ల స్టేషను రోడ్డు మీద షెడ్డు వేసుకున్నంక ఇంకో కష్టం. కరెంటు వోల్టేజి. పగలంత చేన్ల మోటర్లు నడుస్తుంటె రాడ్డు గీకంగనే నిప్పురవ్వ వచ్చేది గానీ మంట నిలవకపోయేది. పలచటి రేకుకు 2 మిల్లీమీటర్ల రాడ్డు పెట్టి 50 ఆంపియర్లు నిలకడగ కావాలె. అది 30కి దిగి మళ్ళ 60కి పోతె రేకు ఒకసారి అంటదు, ఒకసారి తూట్లు పడుతది. అందుకని ట్యాంకుల పని రాత్రి పది దాటినంక పెట్టుకునేవాణ్ణి. మీ నాయనమ్మ కందిలి పట్టుకొని నిలబడేది. ఆమె కళ్ళు మండకుండ వెనక్కి తిరిగి నిలబడమనేవాణ్ణి. ఎన్ని రాత్రులు అట్ల నిలబడ్డదో ఆమెకు తెలుసు.

అమ్మలూ, నిద్రొస్తున్నదా? సరే, ఇది వినుకొని పో.

ఒక మాట మాత్రం గట్టిగ చెప్తున్నా, దీంట్ల నాకు రాజీ లేదు. వాడిన డీజిల్ ట్యాంకు, పెట్రోలు ట్యాంకు, థిన్నరు డబ్బా ఎవరు తెచ్చినా అట్లనే మంట పెట్టొద్దు. పక్క మండలంల ఒక షెడ్డుల నా ఈడు పిల్లగాడు, పేరు చెప్పను, ఖాళీ డ్రమ్ము అని కటింగు పెట్టిండు. అది ఖాళీ కాదు, ఆవిరితోటి నిండున్నది. డ్రమ్ము మూత ఎగిరి పైకప్పు రేకును చీల్చుకొని పోయింది. ఆ పిల్లగానికి చూపు పోయింది. డీజిల్ పెట్రోలంత తొందరగ అంటుకోదు అంటరు, నిజమే. కానీ గోడలకు అంటిన డీజిల్‌కు నీ నిప్పు తగిలి వేడెక్కితె అది ఆవిరయితది, అప్పుడు పెట్రోలుకు దానికి తేడా లేదు. సోడా ఉప్పు వేసిన మరుగు నీళ్ళతోటి రెండు మూడు సార్లు కడగాలె, మూతలన్నీ తీసి ఉంచాలె, ట్యాంకులో నీళ్ళు నింపి అతుకు కాడ రెండంగుళాలు మాత్రం ఖాళీ వదలాలె. నీళ్ళు అతుకు దాక రానియ్యొద్దు, వస్తె ఆవిరి లేచి అతుకుల బెజ్జాలు పడుతయి. ఎంత దగ్గరి చుట్టం తెచ్చినా, ఎంత తొందర పెట్టినా, కడగకుండ ముట్టనని చెప్పు. కోపమొస్తె రానీ.

తొందర పెట్టడమంటె ఒకటి యాదికొస్తది. 1986 ఆగస్టు 16న గోదావరి భద్రాచలం కాడ 75.6 అడుగులు వచ్చింది. 53 అడుగులు వస్తేనే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తరు, దాని మీద ఇంకో 22 అడుగులు అనుకో. బావులన్నీ బురద. మంచినీళ్ళకు ట్యాంకర్లు కావాలని ఖమ్మం నుంచి ఒక కాంట్రాక్టరు రెండు పాత ట్యాంకర్లు నా షెడ్డుకు తెచ్చిండు. ఒకటికి వెనక మూడంగుళాల అవుట్‌లెట్టు పెట్టాలె, ఇంకోదానికి రెండు నల్లాలు. రేకు 10 గేజి, మూడు మిల్లీమీటర్ల పైన ఉంటది. మందమే, గానీ వెనక పలక చదరం. మట్టిరోడ్డు మీద లోపల నీళ్ళు ఊగితె ఆ పలక రోజుకు వెయ్యి సార్లు అల్లాడుతది. అతుకు మీదనే ఆ భారమంత. అందుకని ముందు ఆరు మిల్లీమీటర్ల పలకను గుండ్రంగ కోసి డబ్లరుగ, అంటె రేకు మీద రెండో పొరగ, వేసిన. మూలలున్న చదరం ముక్క వేస్తె మూల కాడినుంచే రేకు చీలుతది. గుండ్రందానికి చీలే మూల ఉండదు. దాని నడుమ పైపు.

డ్రైవరు పక్కనే నిలబడి, అన్నా తొందరగ, అన్నా తొందరగ అని. అక్కడ జనం నీళ్ళ కోసం చూస్తున్నరని తెలుసు నాకు. చెయ్యి ఊకె ఉండదు, ఒక్కసారి చుట్టూ తిప్పేద్దామా అనిపిస్తది. ఆయనను పోయి చాయ తాగి రమ్మన్న. నేను అంగుళం అటు, అంగుళం ఇటు, నడుమ వేలు పెట్టి చూసుకుంట, ఆ రెండు ట్యాంకర్లకు రాత్రంత పట్టింది. తెల్లారంగ అతుకుల మీద సున్నపు నీళ్ళు పూసి ఆరనిచ్చిన. లోపలినుంచి కిరసనాయిలు గుడ్డతోటి రాసిన. ఎక్కడ వెంట్రుక వాసి సందు ఉన్నా కిరసనాయిలు పాకి వచ్చి తెల్ల సున్నం మీద మచ్చ పడుతది. నీళ్ళు రాని సందుల కూడ కిరసనాయిలు వస్తది. ఒక్కచోట మచ్చ పడ్డది, ఆవగింజంత. అది గీకి మళ్ళ వేసిన. సూర్యుడు ఎక్కేసరికి బండ్లు కొత్తగూడెం, పాల్వంచ మీదుగ భద్రాచలం పోయినయి. వారం తర్వాత ఆ డ్రైవరు తిరిగొస్తూ షెడ్డు ముందు బండి ఆపి, ఏమీ చెప్పకుండ నన్ను వెనకకు తీసుకపోయి ఆ అవుట్‌లెట్టు కింద చెయ్యి పెట్టి చూపెట్టిండు. పొడిగ ఉన్నది.

కొంతమంది ట్యాంకును గాలి పంపుతోటి పరీక్ష చేస్తరు, సబ్బునురుగు రాసి. చెయ్యి, గానీ సైకిలు పంపు రెండు దెబ్బలు కొట్టి ఆపు. సెంటీమీటరు చదరానికి 200 గ్రాముల ఒత్తిడి అంటె వినడానికి ఏమీ లేదు. మీటరు చదరం పలక మీద అది రెండు టన్నులు. పలక ఉబ్బి నువ్వు కష్టపడి సరిచేసిందంత పోతది.

సారపాక పేపరుమిల్లు 1979ల మొదలయిన కొన్నేండ్లకు నేను కూడ అక్కడ కాంట్రాక్టు పనికి పోయిన. అక్కడనే మొదటిసారి స్టెయిన్‌లెస్ ట్యాంకులకు ఆర్గానుతోటి అతకడం దగ్గరినుంచి చూసిన. ఆ మంటకు చప్పుడు లేదు, పొగ లేదు, సూది మొన లెక్క. మా మేస్త్రి ఇది చూస్తె ఎంత సంబరపడేవాడో అనుకున్న. కానీ స్టెయిన్‌లెస్ మన ఇనుము కంటె మొండిది. వేడికి ఇనుము 12 పాళ్ళు పెరిగితె అది 17 పాళ్ళు పెరుగుతది, పైగా వేడిని దూరం పోనియ్యదు, అతికిన కాడనే ఆపుకుంటది. అంటె లాగుడు ఇంకా ఎక్కువ. అక్కడ పనిచేసేటోళ్ళు ప్రతి నాజిల్‌కూ వెనక రాగి పలకలు బిగించి, వరస రాసుకొని, ఒకటి తర్వాత ఒకటి కాకుండ దూరం దూరంగ అతికేవాళ్ళు. నేను నేర్చుకున్నదే అక్కడ కాగితం మీద నంబర్లు వేసి ఉన్నది. ఆ రోజు నాకు మా మేస్త్రి మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఇప్పుడు నీళ్ళ ట్యాంకులన్నీ ప్లాస్టిక్కు. ఇంటింటికి భగీరథ నల్లా వచ్చింది, ట్యాంకర్ల పని తగ్గింది. మంచిదే, ఆడోళ్ళ నడుములు విరగకుండ పోయినయి. కానీ ట్రాక్టరు డీజిల్ ట్యాంకు, మందు కొట్టే ట్యాంకు, రైసుమిల్లుల వడ్లు నానబెట్టే తొట్లు, ఇవి ఇంకా రేకే. నీకు ఆ పని ఉంటది.

పొద్దుటి ట్యాంకు పాడయిందని పక్కన పారెయ్యకు. ఆ డొప్ప పడ్డది ఎందుకంటె అతుకు కురచయింది. కురచయినదాన్ని సాగదియ్యాలె, అంతే. రేపు లోపలినుంచి ఇనుప డాలీ ఆనిచ్చి, నున్నటి సుత్తితోటి అతుకు మీద మాత్రమే చిన్న చిన్న దెబ్బలు కొడదాం. పక్కన రేకు మీద కొట్టొద్దు, అది సాగితె ఇంకా ఊగుతది. దెబ్బ దెబ్బకు పూస వెడల్పు అయి ఆ లాగుడు వదులయితది. నాలుగు దెబ్బలకు ఒకసారి వేలితోటి ఒత్తి చూడాలె. టక్కుమనడం ఎప్పుడు ఆగుతదో అక్కడ సుత్తి ఆపాలె. ఒక్క దెబ్బ ఎక్కువయినా మళ్ళ అటు ఉబ్బుతది.

మీ నాయనమ్మ సందుగల అడుగున గుడ్డ మూటల ఆ ఇత్తడి ప్లగ్గు ఉన్నది. మరలు అరిగినయి, గానీ అంగుళం సాకెట్టుకు ఇంకా పడుతది. పొద్దున తీసి చింతపండు పెట్టి తోము. సున్నం నేను నానబెడతా. కిరసనాయిలు ఇప్పుడు దొరకదు, కాబట్టి డీజిల్ పోస్తం, కొంచెం ఆలస్యంగ పాకుతది, ఓపికగ చూడాలె. ఆ మొద్దును ఇటు జరుపు, అమ్మలు నిద్రపోయింది, ఎత్తుకొని లోపల పండబెట్టి రా.